నిన్నటిదాకా తెరుచుకున్న జెడ్ డ్రైవ్ ఇవాళ ఎందుకు మొరాయిస్తోంది

క్లుప్తంగా: ఆఫీస్ కంప్యూటర్‌లో షేర్డ్ డ్రైవ్ (చాలాచోట్ల జెడ్ అని కనపడేది) తెరుచుకోకపోతే మొదటి అనుమానం పాస్‌వర్డ్ మీదకి పోతుంది, రెండోది కేబుల్ మీదకి. విండోస్ 11 కొత్త వెర్షన్‌కి మారాక వచ్చే సమస్యల్లో మాత్రం చాలావాటికి కారణం వేరే. పాస్‌వర్డ్ లేకుండా ఎవరొచ్చినా లోపలికి రానిచ్చే షేర్లని విండోస్ ఇప్పుడు కావాలనే ఒప్పుకోవట్లేదు. ఆ రూల్ ఎందుకొచ్చింది, దాన్ని ఆఫ్ చేస్తే ఏం పోతుంది, రూల్‌తో సంబంధం లేని చిక్కులేంటి అన్నది కింద.

మారింది ఫైళ్ళు కాదు, రూల్

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. "నడుస్తోందిగా, ఎందుకు కదపడం" అని ఏళ్ళ తరబడి వదిలేసిన ఆడిటర్ ఆఫీసులు, స్కూళ్ళు, ల్యాబులు, హోల్‌సేల్ షాపులు ఆ తేదీకి అటూఇటూగా విండోస్ 11కి మారక తప్పలేదు. మారాక చాలాచోట్ల వినిపించే మాట ఒకటే, జెడ్ డ్రైవ్ రావట్లేదు. ఫైళ్ళున్న బాక్స్ అదే, రౌటర్ అదే, మూలనున్న పాత సిస్టంలో అదే ఫోల్డర్ చక్కగా తెరుచుకుంటోంది, కొత్తదాంట్లో మాత్రం ఎర్రర్. దాంతో కొత్త కంప్యూటర్‌లోనే ఏదో లోపం ఉందని అందరూ తేల్చేస్తారు.

నిజానికి అక్కడ కొత్త కంప్యూటర్ చెప్పినట్టే నడుస్తోంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ రెండు డిఫాల్ట్ సెట్టింగులు మార్చింది. ఒకటి, ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో షేర్డ్ ఫోల్డర్‌తో జరిగే ప్రతి మాటకీ డిజిటల్ సంతకం తప్పనిసరి. రెండోది, ప్రో ఎడిషన్‌లో గెస్ట్‌గా, అంటే పేరూ పాస్‌వర్డూ లేకుండా, షేర్‌లోకి వెళ్ళడం బంద్. ఈ రెండో రూల్ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో 2017 నుంచే ఉంది కాబట్టి పెద్ద కంపెనీలకి ఇందులో కొత్తేం లేదు, దెబ్బ తగిలింది ప్రో ఎడిషన్ వాడే చిన్న ఆఫీసులకే.

జెడ్ అనేది డ్రైవే కాదు

మై కంప్యూటర్‌లో సీ, డీ పక్కనే జెడ్ కనపడుతుంది కాబట్టి అది కూడా ఇదే డబ్బాలో ఉన్న డిస్క్ అనే భ్రమ కలుగుతుంది. అది ఒక ముద్దుపేరు, అంతే. అసలు అడ్రస్ వేరే ఉంటుంది: రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఆ తర్వాత ఫైళ్ళున్న కంప్యూటర్ పేరు, ఇంకో బ్యాక్‌స్లాష్, షేర్ చేసిన ఫోల్డర్ పేరు. మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ అన్న ఆప్షన్ చేసే పనల్లా ఆ పొడుగాటి అడ్రస్‌కి ఒక అక్షరం తగిలించడం. ముందున్న అక్షరాలు లోపలి డిస్కులకీ పెన్‌డ్రైవ్‌లకీ పోతాయి కాబట్టి విండోస్ వెనకనుంచి, అంటే జెడ్ నుంచి, మొదలుపెట్టి ఖాళీగా ఉన్నది చూపిస్తుంది.

ఈ ముద్దుపేరు కంప్యూటర్‌ది కాదు, అందులో లాగిన్ అయిన మనిషిది. అందుకే ఒకే సిస్టంలో ఉదయం షిఫ్ట్ వాళ్ళకి జెడ్ ఉంటుంది, సాయంత్రం షిఫ్ట్ వాళ్ళకి ఉండదు. ఒకరి దగ్గర జెడ్ అయినది పక్క సీట్లో వై అయ్యుంటుంది, "జెడ్‌లో పెట్టాను చూసుకోండి" అని మెసేజ్ పెడితే అవతలివాళ్ళు ఇంకెక్కడో వెతుక్కుంటారు. ఇంకో వింత కూడా ఉంది. ఏదైనా ప్రోగ్రాంని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరిస్తే, మనిషి అదే అయినా విండోస్ దాన్ని వేరే సెషన్‌గా లెక్కేస్తుంది, అందులో మ్యాప్ చేసిన డ్రైవ్‌లు మామూలుగా కనపడవు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "జెడ్ కళ్ళముందే ఉంది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం కనపడట్లేదు" అనే గోల చాలావరకు ఇదే.

కాబట్టి జెడ్ మీద ఎర్ర క్రాస్ చూసి దాన్నే పదిసార్లు నొక్కడం వల్ల తెలిసేది తక్కువ. అసలు అడ్రస్‌ని ఎక్స్‌ప్లోరర్ పైన బార్‌లో టైప్ చేసి చూస్తే అర సమస్య విడిపోతుంది. అలా తెరుచుకుందంటే పాడైంది ముద్దుపేరు మాత్రమే, తీసేసి మళ్ళీ మ్యాప్ చేస్తే సరి. పొద్దున్నే లాగిన్ అవగానే ఎర్ర క్రాస్ వచ్చి నొక్కగానే పోయే రకం ఒకటుంది, అది రోగం కూడా కాదు. వైఫై ఇంకా కనెక్ట్ కాకముందే విండోస్ డెస్క్‌టాప్ చూపించేస్తుంది, డ్రైవ్ కోసం చూస్తే దారి ఉండదు, క్రాస్ పెట్టేస్తుంది.

పేరు దొరకాలి, దారి దొరకాలి

అడ్రస్ టైప్ చేసినా తెరుచుకోకపోతే అప్పుడు మెట్టు మెట్టుగా చూడాలి. మొదటి మెట్టు పేరు. సర్వర్ పేరుని ఐపీ నంబర్‌గా మార్చేవాళ్ళు కావాలి, ఆఫీసులో ఆ పని డీఎన్ఎస్‌ది. రెండో మెట్టు దారి, ఆ ఐపీ దగ్గర 445 నంబర్ పోర్ట్, అంటే ఫైల్ షేరింగ్‌కి వాడే తలుపు, తెరిచి ఉండాలి. ఈ రెండింట్లో ఏది తప్పినా విండోస్ దాదాపు ఒకే మాట అంటుంది, నెట్‌వర్క్ పాత్ దొరకలేదని, ఎర్రర్ 53 అని, లేదా చివర 80070035 ఉండే పొడుగాటి కోడ్. ఊరే లేదా, ఊరుంది గానీ రోడ్డు లేదా అన్నది చెప్పదు.

వర్క్ ఫ్రం హోంలో ఈ మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు. 445 పోర్ట్‌ని ఇంటర్నెట్ మీద నేరుగా వాడనివ్వకుండా చాలా ఇంటర్నెట్ కంపెనీలు బ్లాక్ చేస్తాయి, ఆఫీస్ ఫైర్‌వాల్ కూడా ఎలాగూ చేస్తుంది, చెయ్యాలి కూడా. అందుకే వీపీఎన్, అంటే ఇంటినుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వేసే ప్రైవేట్ దారి, కనెక్ట్ అయితేగాని డ్రైవ్ రాదు. వీపీఎన్ కనెక్ట్ అయినా రాకపోతే చూడాల్సిన చిత్రమైన కారణం ఒకటుంది. చిన్న ఆఫీసుల్లో రౌటర్ ఎలా వస్తే అలాగే పెట్టేస్తారు, లోపలి నంబర్లు 192.168.1తో మొదలవుతాయి. ఇంట్లో రౌటర్‌దీ అదే వరస. ఆఫీస్ సర్వర్ 192.168.1.50 అయితే ఇంట్లోని ల్యాప్‌టాప్ ఆ నంబర్ మన వీధిలోదే కదా అనుకుని ఇంటి వైఫైలోనే వెతుక్కుంటుంది, వీపీఎన్ వైపు తొంగి కూడా చూడదు. ఆఫీసు వైపు నంబర్ల వరస మార్చడం దీనికి అసలైన మందు.

సర్వర్ అంటూ వేరే లేకుండా ఒకరి కంప్యూటర్‌లో ఫోల్డర్‌నే మిగతావాళ్ళు వాడుకునే చోట రౌటర్ మార్చిన రోజు కూడా ఇలాగే అవుతుంది. కొత్త నెట్‌వర్క్‌ని విండోస్ పబ్లిక్ అని గుర్తుపెట్టుకుంటుంది, అంటే బస్టాండ్ వైఫైతో సమానం, అలాంటిచోట ఫైల్ షేరింగ్‌కి ఫైర్‌వాల్ ఒప్పుకోదు. ఫైళ్ళున్న కంప్యూటర్‌లో ఆ నెట్‌వర్క్‌ని ప్రైవేట్ అని మారిస్తే సరిపోతుంది.

యాస కలవకపోతే

దారి దొరికాక రెండు కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష పేరు ఎస్ఎంబీ. 1980ల్లో ఐబీఎంలో పుట్టి మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగింది. ఇందులో వెర్షన్లని టెక్నికల్ పత్రాల్లోనే డయలెక్ట్ అంటారు, అంటే యాస. శ్రీకాకుళం మనిషీ చిత్తూరు మనిషీ కాస్త తంటాలు పడైనా మాట కలుపుకుంటారు గానీ కంప్యూటర్లకి ఆ సర్దుబాటు లేదు, ఇద్దరికీ తెలిసిన యాస ఒక్కటైనా లేకపోతే సంభాషణ మొదలే కాదు.

మొదటి యాస ఎస్ఎంబీ1. విండోస్ ఎక్స్‌పీ కాలందాకా అదే. విస్టాతో ఎస్ఎంబీ2, విండోస్ 8తో ఎస్ఎంబీ3 వచ్చాయి. పాతదాన్ని మాత్రం ఎవరికైనా పనికొస్తుందిలే అని తీయకుండా ఉంచేశారు, ఆ ఉంచినదాన్నే 2017 మే 12న వన్నాక్రై అనే, ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్ వాడుకుంది. ఒక కంప్యూటర్‌లో దూరి అక్కణ్ణుంచి 445 పోర్ట్ మీదుగా పక్క కంప్యూటర్‌లోకి, ఎవరూ ఏదీ క్లిక్ చెయ్యకుండానే పాకిపోయింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు స్తంభించాయి, ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి రెండు నెలల ముందే, మార్చి 14న, మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చేసింది, వేసుకోనివాళ్ళు వేసుకోలేదు.

అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి ఎస్ఎంబీ1ని డిఫాల్ట్‌గా తీసేయడం మొదలుపెట్టారు. తీసేసిన పద్ధతే జనాన్ని ఎక్కువ తికమక పెట్టింది. హోం, ప్రో ఎడిషన్లలో వేరే కంప్యూటర్‌కి కనెక్ట్ అయ్యే భాగాన్ని వెంటనే తీయకుండా, కంప్యూటర్ ఆన్‌లో ఉన్న సమయం లెక్కన 15 రోజులపాటు ఎవరూ వాడకపోతే అప్పుడు దానంతటదే పోయేలా పెట్టారు. కొత్త సిస్టం తెచ్చి నెలరోజులు పాత బాక్స్ జోలికి పోకుండా, ఇయర్ ఎండింగ్‌కి ఫైళ్ళు కావాల్సొచ్చి తెరిస్తే అప్పుడు బయటపడేది.

ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ అని నొక్కితే అన్ని కంప్యూటర్లూ వరసగా కనపడే పాత లిస్ట్ కూడా ఎస్ఎంబీ1ని పట్టుకునే ఉండేది, అది పోయేసరికి లిస్టూ పోయింది. ఇప్పుడా పని వేరే పద్ధతిలో జరుగుతుంది, కొన్ని పాత బాక్సులకి అది రాదు. అందుకని లిస్ట్‌లో కనపడనంత మాత్రాన షేర్ లేనట్టు కాదు, అడ్రస్ టైప్ చేస్తే తెరుచుకోవచ్చు.

చాలా నాస్ బాక్సుల్లో, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ ఫైళ్ళు అందించే డబ్బాల్లో, లోపల నడిచేది లినక్స్, దాని మీద సాంబా అనే ప్రోగ్రాం. సాంబా కూడా 2019లో వచ్చిన 4.11 వెర్షన్ నుంచి ఎస్ఎంబీ1ని డిఫాల్ట్‌గా ఆపేసింది. కాబట్టి బాక్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సగం బాధ తీరుతుంది. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన మోడల్ అయితే అప్‌డేట్ అనే దారే లేదు. స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా ఫోల్డర్‌లో పడేసే పాత జెరాక్స్ మెషీన్లదీ ఇదే కథ.

ప్రతి పేజీ మీదా సంతకం

24హెచ్2లో అసలు మెలిక ఇక్కడుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో డాక్యుమెంట్ చివరి పేజీలో ఒక్క సంతకం చేసి వదిలెయ్యనివ్వరు, ప్రతి పేజీ మీదా పెట్టమంటారు, మధ్యలో పేజీ ఎవరూ మార్చకుండా. ఎస్ఎంబీ సైనింగ్ కూడా అంతే. మొదట లాగిన్ అయినప్పుడు ఒక్కసారి గుర్తింపు చూసి వదిలేస్తే, మధ్యలో కూర్చున్నవాడు మాటలు మార్చే వీలుంది, లేదా ఒకరి లాగిన్‌ని పట్టి ఇంకో సర్వర్‌కి అందించి వాళ్ళ పేరుతో దూరే వీలుంది. ప్రతి ప్యాకెట్‌కీ, అంటే పంపే ప్రతి డేటా ముక్కకీ, సంతకం ఉంటే ఆ ఆట సాగదు.

ఆ సంతకం పెట్టడానికి తాళంచెవి ఎక్కణ్ణుంచొస్తుంది? యూజర్ పాస్‌వర్డ్‌తో జరిగే లాగిన్ నుంచి. అంటే పాస్‌వర్డే లేని గెస్ట్‌కి తాళంచెవి లేదు, తాళంచెవి లేకపోతే సంతకం లేదు. గెస్ట్ లాగినూ సైనింగూ ఒక ఒరలో ఇమిడేవి కావు. యూట్యూబ్ వీడియో చూసి రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో, గెస్ట్ యాక్సెస్ ఆన్ చేసినా డ్రైవ్ ఇంకా రాకపోవడానికి కారణం ఇదే, ఒక గొళ్ళెం తీశారు గానీ రెండోది వేసే ఉంది. అప్పుడు రెండో వీడియో చూసి సైనింగ్ కూడా ఆపేస్తారు, డ్రైవ్ వచ్చేస్తుంది, వీడియో కింద థాంక్స్ బ్రో అని కామెంట్ పడుతుంది.

డ్రైవ్ రావడం నిజమే, కానీ ఆ రెండు సెట్టింగులూ ఆ ఒక్క బాక్స్‌కి పరిమితం కావు. ఆ కంప్యూటర్ ఏ నెట్‌వర్క్‌లోకి వెళ్ళినా, ఏ షేర్‌కి కనెక్ట్ అయినా అదే సడలింపు వెంట వెళ్తుంది. పైగా గెస్ట్ షేర్ అంటే ఆ వైఫైలోకి వచ్చిన ప్రతి ఫోనూ, ప్రతి ల్యాప్‌టాపూ, వాటిల్లో ఉన్న వైరస్ కూడా ఆఫీస్ ఫైళ్ళు చూడొచ్చు, రాసే పర్మిషన్ ఉంటే ఎన్‌క్రిప్ట్ కూడా చెయ్యొచ్చు.

సరైన పని దీనికన్నా పెద్దదేం కాదు. నాస్ బాక్స్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్ళి ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఫోల్డర్‌కి ఆ యూజర్‌ని జతచేసి, కొత్త కంప్యూటర్‌లో డ్రైవ్ మ్యాప్ చేసేటప్పుడు ఆ వివరాలు ఇవ్వడమే. అరగంట పని, ఐదు సిస్టంలుంటే ఇంకో అరగంట. సైనింగ్ వల్ల పాత బాక్సుల్లో పెద్ద ఫైళ్ళ కాపీ కాస్త నెమ్మదించవచ్చు, వాటి ప్రాసెసర్ బలం అంతంతమాత్రం కాబట్టి.

మెసేజ్ విషయంలో మాత్రం మైక్రోసాఫ్ట్‌ని తప్పుపట్టాల్సిందే. గెస్ట్‌ని ఆపినప్పుడు వచ్చే మెసేజ్ సారాంశం, మీ సంస్థ సెక్యూరిటీ పాలసీలు దీన్ని అడ్డుకుంటున్నాయి అని. రెండు కంప్యూటర్లున్న ఎరువుల షాపులో సంస్థ ఎవరు, పాలసీ ఎవరిది?

నువ్వెవరు అన్న ప్రశ్న

యాస కలిశాక పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక్కడ తప్పులన్నీ మనుషుల అలవాట్లలోంచే వస్తాయి. కంప్యూటర్ తెరవడానికి రోజూ కొట్టే నాలుగంకెల పిన్‌ని ఇక్కడ కూడా కొడతారు, అది పనిచెయ్యదు. పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే సొంతం, నెట్‌వర్క్ దాటి పోదు. ఫైళ్ళున్న కంప్యూటర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నడుస్తుంటే ఆ ఈమెయిల్, దాని అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి, అది పెట్టిన మనిషికే గుర్తుండదు. అసలు పాస్‌వర్డే లేని అకౌంట్ అయితే ఇంకో గోడ ఉంది: ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్‌ని విండోస్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకే వాడనిస్తుంది, నెట్‌వర్క్ నుంచి వస్తే ఒప్పుకోదు.

పెద్ద ఆఫీసుల్లో మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్పించే చోట చిక్కు వేరేలా ఉంటుంది. పాత పాస్‌వర్డ్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో సేవ్ అయి ఉంటుంది, విండోస్ దాన్నే మళ్ళీమళ్ళీ పంపుతుంది, నాలుగైదు తప్పులకి అకౌంట్ లాకయ్యే రూల్ ఉంటే మనిషి ఏమీ కొట్టకుండానే లాకైపోతుంది. ఐటీ వాళ్ళు అన్‌లాక్ చేస్తారు, మళ్ళీ లాకవుతుంది. ఆ పాత ఎంట్రీ తీసేసేదాకా ఇది ఆగదు.

1219 అనే ఎర్రర్ కూడా చెప్పుకోదగ్గదే. ఒకే సర్వర్‌కి ఒకే లాగిన్ నుంచి రెండు వేరే యూజర్ పేర్లతో విండోస్ కనెక్ట్ అవ్వనివ్వదు. ఒక ఫోల్డర్ సొంత పేరుతో తెరిచి ఉండగా ఇంకోటి అకౌంట్స్ యూజర్ పేరుతో తెరవబోతే ఇది వస్తుంది. పాత కనెక్షన్ తెంపి మళ్ళీ కలపాలి. ఐటీ వాళ్ళు కొందరు ఒకసారి సర్వర్ పేరుతో, ఇంకోసారి ఐపీ నంబర్‌తో కలిపి తప్పించుకుంటారు, విండోస్ ఆ రెంటినీ వేరు సర్వర్లనుకుంటుంది కాబట్టి. ఈ కిటుకు గుర్తుపెట్టుకోవాలి, చివర్లో మళ్ళీ పనుంది.

లోపలికెళ్ళాక

కనెక్ట్ అయ్యాక కూడా యాక్సెస్ డినైడ్ వస్తే అది పర్మిషన్ల గొడవ, నెట్‌వర్క్‌ది కాదు. షేర్‌కి ఒక పర్మిషన్, లోపలి ఫోల్డర్‌కి ఇంకోటి, రెండిట్లో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. వీధి గేటు తీసినంత మాత్రాన గది తాళం తీసినట్టు కాదు. యూజర్‌ని గ్రూప్‌లో చేర్చాక ఒకసారి లాగాఫ్ అయి రావాలి, ఉదయం లాగిన్ అయినప్పుడు ఇచ్చిన టికెట్‌లో కొత్త గ్రూప్ పేరు ఉండదు కాబట్టి. "యాక్సెస్ ఇచ్చేశాం" "నాకింకా రాలేదు" అని ఐటీకి కంప్లైంట్ మీద కంప్లైంట్ నడవడం ఎక్కువగా ఇక్కడే.

హైదరాబాద్‌లో మనిషి, అమెరికాలో ఫైలు

డ్రైవ్ వస్తుంది గానీ ఫోల్డర్ తెరవడానికి నిమిషం పడుతోంది అనేది క్లయింట్ సర్వర్ అమెరికాలో ఉన్న టీముల బాధ. ఇంటర్నెట్ స్పీడ్ చూస్తే 200 ఎంబీపీఎస్ ఉంటుంది, అయినా లాభం లేదు. ఎస్ఎంబీకి కబుర్లెక్కువ, ఒక ఫైల్ తెరవాలన్నా ఉందా, ఎంత సైజు, రాయొచ్చా, ఇంకెవరన్నా తెరిచారా అని అటూఇటూ చాలాసార్లు మాట్లాడుకుంటుంది. ఆఫీస్ లోపల ఒక్కో మాటకి మిల్లీసెకండ్ కూడా పట్టదు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళి రావడానికి పావు సెకను అనుకున్నా, నలభై మాటలకి పది సెకన్లు. స్పీడ్ పెంచితే రోడ్డు వెడల్పవుతుంది, దూరం తగ్గదు.

అందుకే ఇలాంటి చోట్ల ఫైల్‌ని ఇక్కడికి లాక్కోకుండా అక్కడున్న కంప్యూటర్‌లోకే రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్ళి పనిచేస్తారు, లేదా వన్‌డ్రైవ్ లాంటి సింక్ పద్ధతికి మారతారు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళకి సింక్ బాగానే సరిపోతుంది. ట్యాలీ డేటాలాగా నలుగురు ఒకేసారి ఎంట్రీలు కొట్టేదానికి సరిపోదు, ఎవరి కాపీ వాళ్ళు మార్చుకుంటే చివరికి ఏది అసలుదో తేలదు. ఆ పనికి షేర్డ్ ఫోల్డరే దిక్కు.

తర్వాత తెగేది

పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతులు రెండున్నాయి. డొమైన్ ఉన్న, అంటే అందరి లాగిన్లనీ ఒక సర్వరే చూసుకునే, ఆఫీసుల్లో కెర్బరోస్, లేనిచోట పాతకాలపు ఎన్‌టీఎల్ఎం. 2024 జూన్‌లో ఎన్‌టీఎల్ఎం అన్ని వెర్షన్లనీ మైక్రోసాఫ్ట్ ఇక అభివృద్ధి చెయ్యని వాటి లిస్ట్‌లో చేర్చింది, అందులో మరీ పాతదైన మొదటి వెర్షన్‌ని 24హెచ్2 నుంచి తీసే పడేసింది. డొమైన్ లేని కంప్యూటర్లకి కూడా కెర్బరోస్ పనిచేసేలా ఏర్పాట్లు చేస్తున్నట్టు 2023లోనే చెప్పింది.

కెర్బరోస్ పేరు చూసి టికెట్ ఇస్తుంది, మామూలు సెట్టింగుల్లో ఐపీ నంబర్‌కి ఇవ్వదు. సర్వర్‌ని నంబర్‌తో పిలిచిన ప్రతిసారీ విండోస్ చప్పుడు చెయ్యకుండా ఎన్‌టీఎల్ఎంకి దిగిపోతుంది. ఇక్కడి చిన్న ఆఫీసుల్లో డ్రైవ్‌లు చాలావరకు మ్యాప్ చేసింది ఐపీ నంబర్‌తోనే, పేరుతో పెడితే ఒక్కోసారి దొరకట్లేదని, నంబరైతే ఖాయంగా వస్తుందని. 1219 తప్పించుకోవడానికి వాడే కిటుకూ అదే. ఎన్‌టీఎల్ఎంని డిఫాల్ట్‌గా ఆపేసిన రోజు ముందు పోయేవి ఈ నంబర్ డ్రైవ్‌లే.